ఒకే ఇంటికి ఒకే నంబరు

ఆపరేటరమ్మ చేత మాట పడని మనిషి ఆ వీధిలో ఉన్నాడంటే, నిన్నో మొన్నో అద్దెకు దిగినవాడై ఉండాలి. పాలాయన పడ్డాడు, కొరియరు వాళ్లు పడ్డారు, చెత్తబండి తోలే ఆవిడ పడింది. మేడ మీద అద్దెకుండే డ్రాయింగు మాస్టారైతే నెలకు రెండు దఫాలు పడతాడు. పడి, నింపాదిగా మెట్లెక్కి వెళ్లి, పైకిటికీలోంచి తొంగిచూసి, "అయిపోయిందా అమ్మా, ఇంకా ఉందా?" అని అడుగుతాడు. అరవై మూడేళ్ల మనిషి ఆవిడ. ఒంట్లో పట్టుమని యాభై కిలోలు ఉండదు. గొంతు మాత్రం ట్రంకు లైన్లో అవతలి ఊరికి వినపడాలని అరిచి అరిచి సాన పట్టిన గొంతు.

అలాంటి మనిషి ఓ పదకొండు రోజుల పాటు ఎన్ని మాటలు అందో, తిరిగి ఎన్ని పడిందో చెప్పాలంటే ముందు ఆవిడ రిజిస్టరు సంగతి చెప్పాలి.

ముప్ఫై ఒక్క ఏళ్లు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసింది. మొదటి పదేళ్లు బోర్డు ముందు, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, వైరు ఈ కన్నంలోంచి పీకి ఆ కన్నంలో గుచ్చుతూ ఊళ్లకు ఊళ్లను కలిపింది. తరవాత బోర్డులు ఎత్తేసి యంత్రాలు పెట్టారు. ఆ రోజు ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా తినలేదు. మిగిలిన ఏళ్లన్నీ ఫిర్యాదుల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఎవరి ఫోను మూగబోయినా ఆవిడ దగ్గరికే రావాలి, ఆవిడ రిజిస్టర్లో ఎక్కాలి, బాగయ్యాక ఆవిడే సంతకం పెట్టి మూసెయ్యాలి. కొత్తగా చేరినవాళ్లు నలభై మందికి పైగా ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నారు. వాళ్లందరికీ మొదటి రోజే మూడు ముక్కలు చెప్పేది. రిజిస్టర్లో కాగితం చింపకూడదు. రాసింది కొట్టెయ్యకూడదు. ఫాల్టు వస్తే లైను వెంట పరిగెత్తకుండా, ముందు ఆ లైను మీద ఆఖరున ఎవరు చెయ్యి పెట్టారో చూడాలి.

రిటైరయినా ఆ అలవాటు వదల్లేదు. హాల్లో స్టూలు మీద ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. తేదీ, సమయం, ఫిర్యాదు, కారణం, సంతకం అని గళ్లు కొట్టి ఉంటాయి. కుళాయి కారినా అందులో ఎక్కాల్సిందే, గేటు కిర్రుమన్నా ఎక్కాల్సిందే. ఇంట్లో ఏదైనా కొత్తగా బిగించినా, మార్చినా అదీ ఎక్కాల్సిందే. ఒకసారి "పాలు ఇరవై నిమిషాలు ఆలస్యం" అని రాసి, కారణం గడిలో "బద్ధకం" అని రాసింది. పాలాయన చేత సంతకం కూడా పెట్టించింది.

ఆ ఇంట్లో ఆవిడతో ఉండేది చెల్లెలు. పదకొండేళ్లు చిన్నది. ఆరేళ్ల కిందట మొగుడితో తెగతెంపులు చేసుకుని రెండు పెట్టెలతో వచ్చింది. అక్క పెరటివైపు గది ఇచ్చింది. గదితో పాటు రోజూ పొద్దునే నాలుగు మాటలు కూడా ఇచ్చింది. మోటారు ఎంతసేపు తిరుగుతుందే? ఆ గదిలో ఫ్యాను ఎవరి కోసమే? గిన్నెలు ఇలా బోర్లిస్తారా, పెంచిన వాళ్లకు చెడ్డపేరు కాదూ? పెంచింది తనేనన్న సంగతి ఆవిడకు అప్పుడు గుర్తుండదు. చెల్లెలి నోరూ తక్కువదేం కాదు. ఒకటి అంటే రెండు తగిలించేది. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, వేరువేరు వేళల్లో తినేవాళ్లు.

చెల్లెలు ఏడాది పాటు ఒక పని నేర్చుకుంది. ఆసుపత్రి డాక్టర్లు అటునుంచి చెబుతూ ఉంటే, హెడ్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విని, రోగుల వివరాలు అప్పటికప్పుడు టైపు చేసి పంపడం. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. అందుకోసం ఎవరో వాడిన లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది. కంపెనీ వాళ్లు పరీక్ష పెడతామన్నారు. మూడు అవకాశాలు ఇస్తారు. ఫోన్ నెట్ మీద కుదరదు, ఇంటి లైను మీదే కూర్చోవాలి, గంటసేపు లైను తెగకూడదు. మూడుసార్లూ తప్పితే మళ్లీ అడగడానికి వీల్లేదు.

"ఈ ఉద్యోగం రానీ, మర్నాడే వేరే గది చూసుకుంటా. నీ మొహం చూడను," అంది చెల్లెలు ఒక పొద్దున, గిన్నెల దగ్గర తగువులో.

"చూసుకో తల్లీ, చూసుకో. నేనేమైనా కాళ్లు పట్టుకుని ఆపానా?" అంది ఆపరేటరమ్మ.

అంది గానీ, ఆ రోజంతా ఆవిడకు పని మీద ధ్యాస నిలవలేదు. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. రెండూ రిజిస్టర్లో ఎక్కించలేదు.

అదిగో, ఆ వారంలోనే నెట్ ఆయన వచ్చాడు. పాత వైఫై డబ్బా తీసేసి నెట్ కంపెనీ వాళ్లు అందరికీ కొత్తవి పెడుతున్నారు. నడివయసు మనిషి, నిచ్చెన మోసి మోసి ఒక భుజం కాస్త వంగి ఉంటుంది. డబ్బా గోడకు బిగించి, దీపాలు వెలిగాయని చూసి, సామాను సర్దుకుంటుంటే ఆపరేటరమ్మ పట్టుకుంది.

"దీనికి నంబరు ఏమిటయ్యా?"

"అడుగున స్టిక్కరు ఉంది చూడండి. అంకెల మధ్య చుక్కలు ఉన్నదే. చివర ఒకటి అంకె ఉంటుంది. అది ఈ డబ్బా నంబరు, మారదు."

"మరి మా చెల్లెలి లాప్‌టాప్ నంబరు?"

"దానికి డబ్బాయే ఇస్తుందండీ. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. మీ ఫోనుకీ అంతే, మేడ మీద వాళ్లకీ అంతే."

"రోజుకో నంబరా? నంబరు మారిపోతుంటే వచ్చే ఫోను ఎటు పోతుందయ్యా?"

"అదంతా డబ్బా చూసుకుంటుందండీ."

"నంబర్లు పంచే పని డబ్బాకు అప్పగించారన్నమాట. బాగుంది. ముప్ఫై ఏళ్లలో ఒక్క ఇంటికి నంబరు మార్చాలంటే మేం మూడు సంతకాలు పెట్టించుకునేవాళ్లం తెలుసా?"

"మీకు చెప్పడం నా వల్ల కాదు తల్లీ," అని ఆయన నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆవిడకు మనసు ఊరుకోలేదు. చెల్లెలికి పరీక్ష ఉంది. పరీక్ష వేళకు కంపెనీ వాళ్లు పాత నంబరు పట్టుకుని వెతుకుతుంటే? ఈలోగా నంబరు మారి కూర్చుంటే? ఒక ఇంటికి ఒక నంబరు. ఇది ఆవిడ తిన్న ఉప్పు. హాల్లో ఒక ఫోను, పడగ్గదిలో ఒక ఫోను ఉన్నా రెండింటికీ అదే నంబరు ఉంటుంది, రెండూ మోగుతాయి, ఎవరు ఎత్తినా మాట వస్తుంది. అలాంటి జోడు ఫోన్లు ఆవిడ చేతుల మీదుగా వందలు వెళ్లాయి.

చెల్లెలు స్నానానికి వెళ్లింది. లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. నెలకోసారి పెన్షను పడిందో లేదో అందులోనే చూసుకుంటుంది కాబట్టి ఆవిడకు అదేం కొత్త కాదు. ఇంటి వైఫై పేరు మీద నొక్కితే కిందుగా నంబరు సంగతి ఉంది, పక్కన ఆటోమేటిక్ అని ఉంది. దాన్ని తీసేసి మాన్యువల్ అని పెట్టింది. ఖాళీ గళ్లు వచ్చాయి. స్టిక్కరు మీది నంబరు ఒక్క చుక్క తప్పకుండా నింపింది. రెండోచోట కూడా అడిగితే అదే నింపింది. సేవ్ అన్నది నొక్కింది. లాప్‌టాప్ నోరెత్తకుండా తీసుకుని, కాసేపటికి దానంతటదే ఆరిపోయింది. ఆవిడ వచ్చి రిజిస్టర్లో తేదీ వేసి, సమయం వేసి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "కొత్త డబ్బా బిగించడమైనది. చెల్లెలి యంత్రానికి ఇంటి నంబరు శాశ్వతంగా ఇవ్వడమైనది." కింద సంతకం. చెల్లెలికి చెప్పలేదు. చెబితే థాంక్స్ అనదు సరికదా, నా దాని మీద చెయ్యి ఎందుకు వేశావని కయ్యానికి వస్తుంది.

చెల్లెలు తల తుడుచుకుంటూ వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్న పది నిమిషాలకు మేడ మీది నుంచి కేక వినిపించింది.

"అమ్మా, నెట్ పోయింది! సరిగ్గా కోర్టులో తీర్పు చెప్పబోతుంటే పోయింది!"

మాస్టారు చూసే సీరియల్లో తీర్పు మూడు నెలలుగా చెప్పబోతూనే ఉన్నారు. అయినా పోయిన మాట నిజం. ఆపరేటరమ్మ ఫోన్లో కూడా పోయింది. చెల్లెలిదీ రావడం లేదు. ఫిర్యాదు నంబరు ఒకటి రిజిస్టర్లోకి ఎక్కింది. చెల్లెలు విసుగొచ్చి లాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి పోయింది. కాసేపటికి అందరికీ వచ్చేసింది. సాయంత్రం మళ్లీ తెరిచింది. మళ్లీ అందరికీ పోయింది. ఫిర్యాదు రెండు.

మూడు రోజుల్లో ఇంట్లో అందరికీ అర్థమైపోయింది. లాప్‌టాప్ తెరిస్తే ఇంటిల్లిపాదికీ నెట్ పోతుంది. మూస్తే వస్తుంది. మాస్టారు కిటికీలోంచే అడగడం మొదలెట్టాడు: "తెరిచారా అమ్మా? చెబితే నేను పడుకుంటా."

మూడో రోజునే మొదటి పరీక్ష. నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. చెల్లెలు చెవుల్లోంచి తీగలు పీకి బల్ల మీద కొట్టింది.

"చల్లబడ్డాయా నీ కళ్లు?"

"నాకెందుకు చల్లబడతాయే? ఎవరో వాడి పారేసిన డొక్కు తెచ్చి ఇంట్లో పెట్టావు. అది ఇంటి లైనంతా తినేస్తోంది."

"పారేసిన మనిషిని కూడా ఇంట్లో పెట్టుకున్నావుగా. ఆ మాట కూడా అనెయ్. ఆరేళ్లుగా నాలుక చివరే ఉందిగా."

ఆపరేటరమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ ఊరుకోవడం ఆవిడ ఒంట్లో లేదు.

"అన్నాననే అనుకో," అంది.

చెల్లెలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి అవసరానికి తప్ప మాటల్లేవు. ఆ అవసరాలు కూడా తిట్లతోనే తీరేవి.

చెల్లెలు లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని రిపేరు షాపుకు వెళ్లింది. షాపాయన అక్కడ తన వైఫై మీద పెట్టి గంటసేపు నడిపించాడు. గుర్రంలా పరిగెత్తింది. "దీనికేం రోగం లేదమ్మా, మీ ఇంట్లోనే ఏదో ఉంది," అన్నాడు. చెల్లెలు ఆ మాటను భద్రంగా ఇంటికి మోసుకొచ్చి హాల్లో గట్టిగా వినిపించింది. ఆపరేటరమ్మ నెట్ కంపెనీకి ఫోను చేసింది. వాళ్లు అక్కణ్ణుంచే చూసి, లైను శుభ్రంగా ఉంది, డబ్బా బాగుంది అన్నారు. ఆవిడ ఆ మాటను అంతకంటే గట్టిగా వినిపించింది. షాపులో లాప్‌టాప్ మంచిది. ఇంట్లో డబ్బా మంచిది. రెండు మంచివీ ఒకచోట చేరితే మాత్రం చావు. తప్పు రెండో మనిషిదేనని ఇద్దరికీ చేతిలో సాక్ష్యం ఉంది. ఇంక తగ్గేదెవరు?

"నీ ఇంట్లో గాలికి కూడా నీ పర్మిషన్ కావాలి. అందుకే ఆడటం లేదు," అంది చెల్లెలు.

"నా ఇంట్లో గాలి ఆరేళ్లుగా ఊరికే పీలుస్తున్నావుగా. అప్పుడు ఆడిందా?"

రెండో పరీక్షా పోయింది. ఈసారి చెల్లెలు అరవలేదు. ముఖం కడుక్కుని వచ్చి, లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుంది. "ఇందులో రోగుల వివరాలు ఉంటాయి. ఇంక దీన్ని ఎవరైనా ముట్టుకుంటే మర్యాదగా ఉండదు," అంది. మూడోది గురువారం పది గంటలకు. అదే ఆఖరు.

బుధవారం నెట్ ఆయన్ను పిలిపించారు. ఆయన డబ్బా దగ్గర కూర్చుని, లాప్‌టాప్ మూసి ఉన్నప్పుడు చూశాడు. తెరిచి ఉన్నప్పుడు చూశాడు. భుజం గోక్కున్నాడు.

"లాప్‌టాప్ నన్నొకసారి చూడనివ్వండమ్మా."

"షాపులో చూశారు. బాగుంది. మీరు మీ డబ్బా చూసుకోండి," అంది చెల్లెలు.

"పోనీ, ఒక్క మాట చెప్పండి. ఇది మొదలయ్యే ముందు ఎవరైనా ఏమైనా మార్చారా? సెట్టింగుల్లో చెయ్యి పెట్టారా?"

ఆ మాటకు ఆపరేటరమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఆ ప్రశ్న నన్నడుగుతావా? నలభై మందికి నేర్పాను నేను ఆ ప్రశ్న! నీకు చేతకాక ఇంట్లో వాళ్ల మీదకి నెడుతున్నావా? నీ పేరు మీద కంప్లయింటు రాయకపోతే నన్ను అడుగు. తేదీలతో సహా రాస్తా."

"రాసుకోండి," అన్నాడాయన. నిచ్చెన ఎత్తుకుని, చెప్పులు వేసుకుంటూ, "ఈ ఇంటికి ఇంక నన్ను పంపొద్దని నేనూ రాస్తా," అన్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదింపావు. పెరటి గది తలుపు మూసి ఉంది. లోపల చెల్లెలు కుర్చీ జరుపుకుంటున్న చప్పుడు. ఆపరేటరమ్మ హాల్లో కళ్లజోడు పెట్టుకుని, తెల్లకాగితం తీసుకుని, నెట్ కంపెనీకి కంప్లయింటు మొదలెట్టింది. అన్నమాట అన్నట్టు తేదీలతో సహా. తేదీల కోసం రిజిస్టరు తెరిచింది. ఫిర్యాదు పదకొండు, నిన్నటిది. పది. తొమ్మిది. అలా వేలు పెట్టి పైకి వెళ్లింది. ఫిర్యాదు ఒకటి దగ్గర ఆగింది. మొదటి ఫిర్యాదు పైన ఇంకొక వరుస ఉంది. తన గుండ్రటి అక్షరాలు, తన సంతకం.

"చెల్లెలి యంత్రానికి ఇంటి నంబరు శాశ్వతంగా ఇవ్వడమైనది."

సమయం చూసింది. ఆ కింద ఫిర్యాదు ఒకటి సమయం చూసింది. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తరవాత మెల్లగా బుర్రకెక్కింది. నంబర్లు పంచేది డబ్బా. ఇంట్లో ఫోన్లన్నీ బయటికి పోవాలంటే ఆ డబ్బా నంబరునే వెతుక్కుంటూ రావాలి. అదే నంబరు లాప్‌టాప్‌కు కూడా ఇస్తే, అది తెరవగానే నేనే ఆ నంబరు అంటుంది. అన్నీ దాని దగ్గరికే వెళ్లి నిలబడతాయి. దానికి బయటికి దారి తెలియదు. తన దారి కూడా తననే అడుగుతుంది. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోరు నంబరు రాసినట్టు. షాపులో ఎందుకు నడిచిందో కూడా తెలిసింది. తను మార్చింది ఇంటి వైఫై పేరు మీద మాత్రమే. షాపు వైఫైకి ఆటోమేటిక్ అలాగే ఉంది.

పదకొండు రోజులు. అందరినీ పేరు పేరునా తిట్టింది. ఆఖరున చెయ్యి పెట్టిందెవరని ఒక్కసారి కూడా పైవరుస చూసుకోలేదు.

లేచి పెరటి గది వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. పాస్‌వర్డ్ ఉంది. చెప్పకుండా సరిచెయ్యడానికి లేదు. నిన్నటిదాకా ఎగిరి పడిన మనిషి వెళ్లి, నేనే చేశానే అని చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. పది గంటలకు లైను తెగుతుంది. మూడో అవకాశం పోతుంది. ఉద్యోగం రాదు. వేరే గది ఉండదు. చెల్లెలు ఇక్కడే ఉంటుంది, ఇలాగే తిడుతూ, ఇలాగే తలుపు వేసుకుంటూ. ఉంటుంది కదా? ఇల్లు ఖాళీగా ఉండదు కదా?

ఆవిడ మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ ఆలోచనతోనే కూర్చుంది. రిజిస్టరు అట్ట మూసింది, తెరిచింది. ఆ ఒక్క కాగితం లాగితే ఊడి వచ్చేస్తుంది, కుట్టు వదులుగానే ఉంది. గోడ గడియారం తొమ్మిదీ నలభై అయిదు అయ్యింది. తన మీద తనకే అసహ్యం వేసింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లి తలుపు కొట్టింది.

"ఏంటి?"

"తలుపు తియ్యి."

"పదకొండు దాకా తియ్యను. అరవాలంటే హాల్లో అరుచుకో."

"లాప్‌టాప్ తప్పు కాదే."

లోపల కుర్చీ కదిలిన చప్పుడు ఆగింది.

"డబ్బా తప్పూ కాదు," అంది ఆపరేటరమ్మ.

తలుపు తెరుచుకుంది. ఆవిడ రిజిస్టరు తెరిచి, ఆ వరుస మీద వేలు పెట్టి చూపించింది. చెల్లెలు చదివింది. మళ్లీ చదివింది. ఆవిడ మూడు ముక్కల్లో చెప్పింది, డబ్బాకీ దీనికీ ఒకటే నంబరు ఇచ్చానని, అందుకే ఇద్దరికీ పడటం లేదని.

"నువ్వు చేశావు," అంది చెల్లెలు.

"ఊఁ."

"కావాలనే చేశావు."

"లేదే! నీ మంచికే..."

"నేను వెళ్లిపోతా అన్నాను. ఆ వారంలోనే చేశావు. పదకొండు రోజులు నన్ను నా ఎదుటే తిట్టి, నువ్వే చేసి పెట్టావు. ఎంత గుండె నీది?"

"కావాలని చేస్తే రిజిస్టర్లో ఎందుకు రాస్తానే?"

"రాయకుండా ఉండలేవు కనక రాశావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఆపరేటరమ్మ గొంతు లేచింది. ఎంత లేచిందంటే మేడ మీద మాస్టారు కుర్చీ జరిపాడు.

"పది నిమిషాలే ఉంది. నన్ను తిట్టడానికి సాయంత్రం దాకా ఉంది, చచ్చేదాకా ఉంది! ముందు ఆ పాస్‌వర్డ్ కొట్టు. వైఫై పేరు మీద నొక్కు. కిందికి రా. ఇంకా కిందికి. అదే. మాన్యువల్ తీసెయ్. ఆటోమేటిక్ పెట్టు. సేవ్."

చెల్లెలు పాస్‌వర్డ్ కొట్టి, చెప్పినవన్నీ చెప్పినట్టు నొక్కింది. ఆపరేటరమ్మ హాల్లోకి పరిగెత్తి డబ్బా స్విచ్చి కట్టేసి, పది లెక్కపెట్టి, మళ్లీ వేసింది. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"మాస్టారూ! వస్తోందా?"

"తెరిచే ఉందా అమ్మా అది?"

"తెరిచే ఉంది! వస్తోందా, రావడం లేదా? ఆ ముక్క చెప్పండి!"

"వస్తోందమ్మా! తీర్పు చెబుతున్నారు!" కాసేపాగి, అలవాటు కొద్దీ, "అయిపోయిందా అమ్మా, ఇంకా ఉందా?" అన్నాడు.

ఆవిడ పెరటి గది తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల పది గంటలకు టకటకలు మొదలయ్యాయి. కొరియరు ఆయన గేటు తీయబోతే చేత్తోనే ఆపింది. ఒక్క మాట కూడా అనలేదని ఆయన భయపడి, పొట్లం గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. టకటకలు గంటసేపు ఆగలేదు. లైను తెగలేదు.

పదకొండు దాటాక లోపల చెల్లెలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్న మాటలు వినిపించాయి. "థాంక్యూ సర్... సోమవారం నుంచా? తప్పకుండా సర్." తరవాత ఇంకో ఫోను. "ఆ గది ఇంకా ఖాళీగానే ఉందా అండీ? ఒకటో తారీఖున దిగుతాను. ఆఁ, ఒక్కదాన్నే."

తలుపు తీసుకుని వచ్చింది. ఏడ్చిన కళ్లు. అక్క వైపు చూడలేదు. చెయ్యి చాపి, "రిజిస్టరు ఇయ్యి," అంది. "పెన్ను కూడా."

ఆపరేటరమ్మ ఇచ్చింది. చెల్లెలు నిలబడే, గోడకు ఆనించి రాసింది. పదకొండు ఫిర్యాదులు, పదకొండు కారణం గళ్లు, పదకొండు రోజులుగా ఖాళీగా ఉన్నవి. ఒక్కొక్క దాంట్లో ఒకే మాట రాసింది. అక్క. అక్క. అక్క. పదకొండూ నిండాక పైవరుస దగ్గరికి వెళ్లింది. శాశ్వతంగా ఇవ్వడమైనది అన్న చోట, పక్కన ఖాళీగా మిగిలిన కారణం గడిలో ఇంకో మాట రాసింది. రిజిస్టరు అక్క ఒళ్లో పెట్టి, గదిలోకి వెళ్లి పెట్టె దించుకుంది.

ఆపరేటరమ్మ కళ్లజోడు సరిచేసుకుని చదివింది. "కావాలనే."

పెన్ను తీసుకుంది. కొట్టెయ్యడానికి వీల్లేదు. పక్కన "కాదు" అని రాయొచ్చు, అంత చోటు ఉంది. ఆ రోజు స్టిక్కరు చూసి నంబరు నింపినప్పుడు మనసులో ఏ పాపమూ లేదు. అది ఒట్టేసి చెప్పగలదు. కానీ పొద్దున తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదీ నలభై అయిదు దాకా, అంతా తెలిసి, ఆ కుర్చీలో కూర్చుంది ఎవరు? ఆ పావుగంట ఏ గడిలో రాయాలి? పెన్ను కాగితం మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. సిరా ఒక చుక్క దిగింది.

గదిలో రెండో పెట్టె దించుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ "కావాలనే" అన్న మాట కింద మళ్లీ సంతకం పెట్టి రిజిస్టరు మూసేసింది.